బొటనవేలి కీలు ఆపరేషన్ తర్వాత నొప్పి, బిగుతు వదలకపోతే ఏం చేయాలి?

కట్టు విప్పిన రోజు చుట్టూ ఉన్నవాళ్లంతా "హమ్మయ్య, అయిపోయింది" అంటారు. అసలు పని ఆ రోజే మొదలవుతుందని ఆ చేయి మోస్తున్నవాళ్లకి మాత్రమే తెలుస్తుంది. నా కుడి బొటనవేలికి ఆపరేషన్ అయిన పదో వారంలో ఒక పొద్దున చొక్కా గుండీ పెట్టుకోవడానికి మూడుసార్లు ప్రయత్నించి, చేతకాక, టీషర్ట్ వేసుకుని బయటపడ్డాను. ఆపరేషన్ ఫెయిలయిందేమోనన్న టెన్షన్ ఆ రోజంతా వదల్లేదు. ఫెయిలవలేదు. నేను "నొప్పి" అని ఒకే పేరు పెట్టి పిలుస్తున్నవి మూడు వేర్వేరు నొప్పులని, మూడింటికీ చేయాల్సిన పని వేరని అప్పటికి నాకు తెలియదు, అంతే.

ఇక్కడ రాసేది అరుగుదల వల్ల బొటనవేలి అడుగు కీలుకి, అంటే మణికట్టుకి ఆనుకుని ఉండే కీలుకి, ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల కోసం. మీ సర్జన్ గానీ థెరపిస్ట్ గానీ దీనికి భిన్నంగా చెప్పి ఉంటే వాళ్ల మాటే వినండి. లోపల ఏం చేశారో చూసింది వాళ్లు.

1. ముందు మీ చేతికి ఏం చేశారో కనుక్కోండి

బొటనవేలి అడుగున ట్రపీజియం అనే చిన్న ఎముక ఉంటుంది. వేలి మొదటి పొడవాటి ఎముక దాని మీద, గుర్రం జీను మీద రౌతులా కూర్చుని ఉంటుంది. అందుకే బొటనవేలు అన్ని వైపులకీ తిరగగలదు. అందుకే ఆ కీలు త్వరగా అరుగుతుంది కూడా. వేలి కొసతో ఒక కిలో బలం పెట్టి ఏదైనా నొక్కి పట్టుకుంటే అడుగు కీలు మీద సుమారు 12 కిలోల భారం పడుతుందని 1970లలోనే లెక్కగట్టారు. ఈ ఒక్క లెక్క మనసులో పెట్టుకుంటే కింద రాసిన జాగ్రత్తల్లో సగం ఎందుకో ఇట్టే అర్థమవుతుంది.

ఎక్కువమందికి చేసేది ట్రపీజియంని తీసేసే ఆపరేషన్. దీన్ని 1949లోనే గెర్విస్ అనే సర్జన్ వైద్య పత్రికలో వివరించాడు. ఖాళీ అయిన చోట కొందరు సర్జన్లు మణికట్టు దగ్గరి స్నాయువునే (కండని ఎముకకి కట్టి ఉంచే తాడులాంటిదాన్నే) కొంత చీల్చి, చుట్టగా చుట్టి పెడతారు. కొందరు గట్టి దారంతో వేలిని పక్క ఎముకకి కట్టి నిలబెడతారు. కొందరు కృత్రిమ కీలు వేస్తారు, ఇంకొందరు కీలునే కదలకుండా కలిపేస్తారు. ఎముక తీసి ఊరుకోవడం కంటే స్నాయువు కూడా కలిపి చేయడం మెరుగని ఇప్పటిదాకా గట్టిగా తేలలేదు. కాబట్టి "వేరే పద్ధతిలో చేయించుకోవాల్సిందేమో" అన్న దిగులు పెట్టుకోకండి.

తర్వాతిసారి చెకప్‌కి వెళ్లినప్పుడు మూడు విషయాలు రాయించుకోండి: ఎముక మొత్తం తీశారా, ఎక్కడి స్నాయువు వాడారు, ఏ కదలిక ఎప్పటిదాకా వద్దు. కీలు కలిపేసి ఉంటే ఈ ప్రశ్న మరీ ముఖ్యం. ఆ కీలు ఇక కదలదు, దాన్ని కదిలించాలని చూస్తే మీద ఉన్న కీళ్లు దెబ్బతింటాయి.

ఎముక తీసిన చోట శరీరం మెల్లగా గట్టి కణజాలం అల్లుకుంటుంది. ఆ అల్లిక గట్టిపడటానికి నెలలు పడుతుంది. సుమారుగా 4 నుంచి 6 వారాలు కట్టు లేదా స్ప్లింట్ (వేలిని కదలకుండా పట్టి ఉంచే పట్టీ), ఆ తర్వాత తేలిక పనులు, 3 నెలల దగ్గర్లో కాస్త బరువు పనులు అని చెబుతారు. వాపు మాత్రం 3 నుంచి 6 నెలలు వస్తూ పోతూ ఉండొచ్చు. పట్టు బలం చాలామందికి 6 నెలల తర్వాతే చెప్పుకోదగ్గంతగా పెరుగుతుంది, ఏడాది దాకా మెరుగుపడుతూనే ఉంటుంది. పదో వారంలో గుండీ పెట్టుకోలేకపోవడం ఈ లెక్కలో వింతేమీ కాదు. ఆ సంగతి నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఒక రోజు ఏడుపు తప్పేది.

2. ఏ నొప్పో గుర్తుపట్టండి

దీనికి వారం రోజులు కేటాయించండి. చిన్న పుస్తకంలో రోజుకి రెండుసార్లు రాయండి: ఎక్కడ, ఎలా, ఏం చేసినప్పుడు, ఎంతసేపు. "బాగా నొప్పి" అని రాస్తే ఎందుకూ పనికిరాదు. సలుపా, మంటా, పోటా, జివ్వుమంటోందా, గుంజుతోందా, ఆ మాటే రాయండి. నొప్పి ఉన్న చోటుని ఎడమ చేతి (నాకు ఆపరేషన్ కుడి చేతికి కాబట్టి ఎడమ అంటున్నాను, మీరు మీ రెండో చేయి అనుకోండి) ఒక్క వేలితో చూపించగలరా, లేక అరచేత్తో చుట్టూ తిప్పి చూపిస్తున్నారా అన్నది కూడా రాయండి.

పనిచేసిన తర్వాత వేలి మొదట్లో లోతుగా సలుపు వచ్చి, గంటలోపే సర్దుకుంటే అది శ్రమ నొప్పి. కొత్త అల్లిక మీద భారం ఎక్కువైందని అర్థం. పని తగ్గించాలి గానీ మానేయక్కర్లేదు.

మచ్చ మీద గుడ్డ తగిలినా కరెంట్ కొట్టినట్టు జివ్వుమనడం, బొటనవేలి వెనకవైపు చర్మం మొద్దుబారడం వేరే కథ. మచ్చ పక్కనుంచే చర్మానికి స్పర్శనిచ్చే నరం ఒకటి పోతుంది. ఆపరేషన్‌లో అది కదిలినా, లాగబడినా నెలల తరబడి చిరాకుగా ఉంటుంది. దీనికి కీలు వ్యాయామాలు ఎన్ని చేసినా లాభం లేదు. చర్మానికి చేయాల్సిన పని నాలుగో అంచెలో ఉంది.

మణికట్టు బొటనవేలి వైపున, వేలు కదిపినప్పుడల్లా గుంజుతుంటే అక్కడి స్నాయువుల తొడుగు వాచిందేమో చూపించుకోవాలి. అరచేతి వైపు మణికట్టు దగ్గర లాగుతుంటే, మీకు అక్కడి స్నాయువు వాడారో లేదో గుర్తుచేసుకోండి.

బొటనవేలి మధ్య కీలు నొప్పి చాలామంది పట్టించుకోనిది. ఏదైనా నొక్కినప్పుడు ఆ కీలు వెనక్కి విల్లులా వంగిపోతుంటే అడుగు కీలు మీద అదనపు భారం పడుతుంది. అద్దం ముందు చేయి పక్కవాటుగా పెట్టి చూపుడు వేలితో "ఓ" ఆకారం చేసి చూడండి. గుండ్రంగా వస్తే మంచిదే. మధ్యలో లోపలికి కుంగి, పగిలిన గాజులా కనిపిస్తే థెరపిస్ట్‌కి చూపించాలి. నా మూడు నొప్పుల్లో ఒకటి ఇదే. మిగతా రెండూ శ్రమ నొప్పి, మచ్చ జివ్వు.

రాత్రిళ్లు బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్లలో తిమ్మిరి వచ్చి, లేచి చేయి విదిలిస్తే తగ్గుతుంటే అది మణికట్టు సొరంగంలో నరం నొక్కుకోవడం (కార్పల్ టన్నెల్) కావచ్చు. అడుగు కీలు అరిగినవాళ్లలో ఇది తరచూ జతగా ఉంటుంది, ఆపరేషన్ తర్వాతి వాపుతో బయటపడుతుంది.

ఇక ఒక రకం మాత్రం వేచి చూడకూడనిది. చేసిన ఆపరేషన్‌కి పొంతన లేనంత మంట నొప్పి, దుప్పటి తగిలినా భరించలేకపోవడం, ఆ చేయి రెండో చేతికంటే వేడిగానో చల్లగానో ఉండటం, రంగు మారడం, ఒక్క చేతికే చెమట పట్టడం, చర్మం నున్నగా మెరవడం, వేళ్లన్నీ బిగుసుకుపోవడం. వీటిలో రెండు మూడు కలిసి కనిపిస్తే సీఆర్‌పీఎస్ అనే నొప్పి జబ్బేమోనని డాక్టర్ చూడాలి. దీనికి చికిత్స ఎంత తొందరగా మొదలైతే అంత మంచిది. "కాస్త ఆగి చూద్దాం" అనుకుంటే చేయి వాడటం మానేస్తాం, వాడకపోతే అది ఇంకా ముదురుతుంది.

3. బిగుతు కంటే ముందు వాపు సంగతి చూడండి

వాచిన చేయిని వంచడమంటే, నీళ్లు నింపిన గ్లౌజు తొడుక్కుని వేళ్లు మడవడమే. బలం పెట్టడం దండగ.

కూర్చున్నప్పుడు దిండ్ల మీద చేయి గుండె కంటే ఎత్తులో ఉండాలి. పడుకున్నప్పుడూ అంతే. రోజుకి మూడు నాలుగుసార్లు, వేళ్ల కొసల నుంచి మోచేతి వైపుకి, లోషన్ రాసి మెల్లగా తుడిచినట్టు నిమరండి, గట్టిగా పిసకొద్దు. సాగే చుట్టుపట్టీ చుట్టమని థెరపిస్ట్ చెబితే వేలి కొస నుంచి మొదలుపెట్టి కిందికి చుట్టాలి, కొస రంగు మారకూడదు. స్లింగ్‌లో చేయి రోజంతా వేలాడదీసుకుంటే వాపు తగ్గదు సరికదా భుజం కూడా పట్టేస్తుంది. పూటకోసారి చేయి తల మీదకి ఎత్తి, మోచేయి చాపి మడవండి.

పొద్దున ఎక్కువ బిగుతు ఉండి కదిపేకొద్దీ వదులైతే కంగారు పడక్కర్లేదు. సాయంత్రానికి పొద్దుటికంటే వాపు పెరుగుతుంటే మాత్రం ఆ రోజు పని ఎక్కువైనట్టే.

4. మచ్చ, చర్మం

కుట్లు తీసి, గాయం పూర్తిగా మూసుకున్నాకే ఇది మొదలు. రోజుకి రెండు మూడుసార్లు, ఐదేసి నిమిషాలు, ఎడమ బొటనవేలితో మచ్చ మీద చిన్న చిన్న సున్నాలు చుట్టండి. పైపైన జారిపోకుండా చర్మాన్ని కింది పొర మీద కదిలిస్తున్నట్టు ఉండాలి. నొక్కుడికి చర్మం పాలిపోతే చాలు. మచ్చ కింది కణజాలానికి అతుక్కుపోతే, వేలు కదిపినప్పుడల్లా చర్మం లోపలికి గుంటపడటం మీకే కనిపిస్తుంది. రాత్రిళ్లు సిలికాన్ షీట్ పెట్టుకుంటే మచ్చ మెత్తబడటానికి సాయపడుతుంది.

జివ్వుమనే చర్మానికి స్పర్శ మళ్లీ నేర్పాలి. దూదితో మొదలుపెట్టండి. రెండు నిమిషాలు నిమిరినా చిరాకు రాకపోతే నున్నటి పట్టు గుడ్డ, తర్వాత నూలు గుడ్డ, తర్వాత తువ్వాలు. నాకు దూది నుంచి తువ్వాలుకి చేరడానికి ఐదు వారాలు పట్టింది. మొదటి వారం దూది కూడా ముల్లులానే అనిపించింది. ఆ చోటుని దాచిపెట్టి, దేనికీ తగలకుండా కాపాడుకుంటూ ఉంటే అది మరింత సున్నితమవుతుంది. మొద్దుబారిన చోట వేడి కాపడం పెట్టేటప్పుడు మాత్రం ముందు రెండో చేత్తో వేడి చూసుకోండి, కాలినా తెలియదు.

5. కదలిక: తక్కువ తక్కువగా, ఎక్కువసార్లు

అందరం చేసే పొరపాటు ఒకటుంది. రోజంతా చేయి కదపకుండా ఉంచి, సాయంత్రం ఒకేసారి అరగంట పళ్లబిగువున చేయడం. దానివల్ల మర్నాడు వాపు, వాపు వల్ల బిగుతు, బిగుతు చూసి ఇంకాస్త బలం. రోజుకి ఐదారుసార్లు, ఒక్కోసారి ఐదు నిమిషాలు చాలు. ముందు పది నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో చేయి ఉంచితే ఆ ఐదు నిమిషాలకి ఫలితం ఎక్కువ.

సర్జన్ కదపొచ్చని చెప్పాక వరస ఇది. మొదట కొస కీలు: ఎడమ చేత్తో కింది కీలుని పట్టి ఉంచి, కొసని మాత్రం వంచి చాపండి. తర్వాత అలాగే మధ్య కీలు. ఒక్కోటి పదిసార్లు, చివర్లో ఐదు సెకన్లు ఆపాలి. తర్వాత అరచేయి పైకి పెట్టి, బొటనవేలిని అరచేతికి ఎదురుగా పైకప్పు వైపు లేపండి. గ్లాసు పట్టుకోబోతున్న ఆకారం రావాలి. ఈ కదలిక తిరిగొస్తే సగం పనులు తిరిగొచ్చినట్టే.

ఆ తర్వాత వేళ్లు తాకించడం. ఫ్రెంచ్ సర్జన్ కపాంజీ 1986లో దీనికి పది మార్కుల లెక్క చెప్పాడు, ఇంట్లో కొలుచుకోవడానికి ఇంతకంటే తేలిక పద్ధతి లేదు. బొటనవేలి కొస చూపుడు వేలి కొసని తాకితే 3, మధ్య వేలికి 4, ఉంగరపు వేలికి 5, చిటికెన వేలి కొసకి 6. అక్కడినుంచి చిటికెన వేలి గీతల మీదుగా కిందికి దిగుతూ 7, 8, 9. దాని కింద అరచేతి గీతని అందుకుంటే 10. వారానికి ఒక్కసారే కొలవండి. రోజూ కొలిస్తే పొద్దుటి మార్కుకీ సాయంత్రం మార్కుకీ తేడా చూసి దిగులు తప్ప ఏమీ మిగలదు. 6 దాటి కిందికి సాగదీయడం అడుగు కీలు మీద ఒత్తిడి పెడుతుంది కాబట్టి థెరపిస్ట్ సరేనన్నాకే.

బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య జాగా ముడుచుకుపోయి ఉంటే దాన్ని తెరవాలి. ఇక్కడ ఒక చిన్న విషయం మొత్తం మార్చేస్తుంది. చాలామంది బొటనవేలి కొస పట్టుకుని బయటికి లాగుతారు. అప్పుడు సాగేది ముడుచుకున్న జాగా కాదు, మధ్య కీలు. అది వెనక్కి విరిగినట్టవుతుంది. ఎడమ చేతి వేళ్లని మధ్య కీలు కింద, అంటే అరచేతి కండలో దాగిన పొడవాటి ఎముక మీద ఆనించి, అక్కడి నుంచి మొత్తం బొటనవేలిని బయటికి తోయండి. వేళ్ల మధ్య చర్మం బిగుతుగా లాగుతున్నట్టు అనిపించాలి, మధ్య కీలులో ఏమీ అనిపించకూడదు. ముప్పై సెకన్లు ఆపి వదలండి. నేను నెల రోజులు కొస పట్టుకుని లాగాను. థెరపిస్ట్ నా చేయి రెండంగుళాలు కిందికి జరిపింది, పక్క వారానికి వాటర్ బాటిల్ చుట్టూ వేలు పట్టింది.

ఎంత నొప్పి దాకా చేయొచ్చు? పదికి మూడు, మహా అయితే నాలుగు. ఆపేశాక గంటలోపు మామూలుకి రావాలి. మర్నాడు పొద్దున వాపు పెరిగి ఉంటే నిన్నటిదాంట్లో సగం చేయండి. మానేయొద్దు, సగం. వ్యాయామం అయ్యాక సలుపు ఉంటే గుడ్డ చుట్టిన చల్లటి ప్యాక్ పది నిమిషాలు పెట్టుకోవచ్చు.

6. బలం: తొందర పడితే వెనక్కి పోతారు

మెత్తటి బంతి కొనుక్కొచ్చి పిసకడం మొదలుపెట్టాలని అందరికీ ఉంటుంది. 12 రెట్ల లెక్క గుర్తుంది కదా. బలం పెంచే వ్యాయామాలు మామూలుగా 8 నుంచి 10 వారాల తర్వాతే, అదీ నొప్పి అదుపులో ఉంటేనే. తాళం చెవి తిప్పేటప్పుడు చూపుడు వేలి పక్కకి బొటనవేలు ఆనించి నొక్కే పట్టు అన్నిటికంటే చివరిది.

బొటనవేలితో కాకుండా చూపుడు వేలితో మొదలుపెట్టడం మంచిది, వినడానికి విడ్డూరంగా ఉన్నా. అరచేయి టేబుల్ మీద పెట్టి, చూపుడు వేలిని బొటనవేలి వైపుకి పక్కకి జరపండి. ఎడమ వేలితో కాస్త అడ్డుపెట్టండి. రెండు వేళ్ల మధ్య ఉన్న కండ గట్టిపడటం చేత్తో తెలుస్తుంది. ఆ కండ అడుగు కీలుని నిలకడగా పట్టి ఉంచుతుంది. ఆ తర్వాత మధ్య కీలు కుంగకుండా "ఓ" ఆకారం నిలిపి, మెత్తటి స్పాంజిని మెల్లగా నొక్కడం. ఆకారం చెడిన క్షణంలో ఆపేయాలి. ఇంకో ఐదు లాగుదామన్న పంతం ఇక్కడ పనికిరాదు.

7. రోజువారీ పనులు

ఒక్క సూత్రం చాలు: సన్నటిది లావు చేయండి, కొసలతో చేసేది అరచేత్తో చేయండి. టూత్‌బ్రష్, పెన్ను పిడికి స్పాంజి గొట్టం తొడిగితే తక్కువ పట్టు బలం చాలు. సీసా మూత కింద రబ్బరు షీట్ వేసి, అరచేయి మూత మీద ఆనించి, భుజం నుంచి తిప్పండి. సంచీ వేళ్లకి కాకుండా మోచేతికి తగిలించుకోండి. తాళం చెవికి లావుపాటి పిడి పెట్టించండి. ఫోన్ ఒక చేతిలో పట్టుకుని అదే బొటనవేలితో టైప్ చేయడం ఈ ఆపరేషన్‌కి పరమ శత్రువు. టేబుల్ మీద పెట్టి చూపుడు వేలితో కొట్టండి, లేదా మాటలతో చెప్పి రాయించండి.

స్ప్లింట్ ఒక్కసారిగా మానేయకండి. ముందు ఇంట్లో, తర్వాత తేలిక పనులకి, చివరికి బయటికి వెళ్లినప్పుడు తీసేయాలి. అలాగని భయంతో నెలల తరబడి పెట్టుకుంటే బిగుతు మీరే తెచ్చుకున్నట్టు. బండి నడపడం, స్ప్లింట్ లేకుండా గట్టి బ్రేక్ పట్టుకోగలిగాక, సర్జన్ సరేనన్నాకే.

8. మందులు, నిద్ర

పారాసెటమాల్ వేసుకునేవాళ్లు వ్యాయామానికి అరగంట, ముప్పావు గంట ముందు వేసుకుంటే ఎక్కువ ఉపయోగం. పెద్దవాళ్లకి రోజుకి 4 గ్రాములు దాటకూడదు. లివర్ జబ్బు ఉన్నవాళ్లకీ బరువు తక్కువ ఉన్నవాళ్లకీ పరిమితి ఇంకా తక్కువ. జలుబు మాత్రల్లో కూడా అదే మందు ఉంటుంది, కలిపి లెక్కేసుకోండి. వాపు తగ్గించే నొప్పి మాత్రలు కిడ్నీ సమస్య, కడుపులో పుండు, రక్తం పల్చబడే మందులు ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా ముట్టుకోవద్దు. మంట, జివ్వు రకం నొప్పికి ఈ మాత్రలు పెద్దగా పనిచేయవు. దానికి నరాల నొప్పి మందులు వేరే ఉన్నాయి, రాయాల్సింది డాక్టరే. పుస్తకంలో మాట సరిగ్గా రాసుకోమన్నది ఇందుకే.

రాత్రి వేలు దుప్పట్లో మెలిపడి మెలకువ వస్తుంటే, కొన్నాళ్లు నిద్రలో మాత్రం మెత్తటి స్ప్లింట్ వాడుకోవచ్చు. పొగ తాగేవాళ్లకి గాయం ఆలస్యంగా మానుతుంది, మానేయడానికి ఇంతకంటే మంచి సాకు దొరకదు.

9. ఎప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి

అదే రోజు వెళ్లాల్సినవి: జ్వరం, చీము, మచ్చ చుట్టూ ఎరుపు పాకడం, ఎముకకి పిన్ను వేసి ఉంటే అది కదలడం లేదా బయటికి రావడం, "టప్" మని వేలు ఉన్నట్టుండి వంగకపోవడం లేదా చాపలేకపోవడం, వేళ్లు నీలంగా మారడం, పిక్కలో నొప్పి, వాపు. ఊపిరాడకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా నేరుగా ఎమర్జెన్సీకే.

వారంలో చూపించుకోవాల్సినవి: పైన చెప్పిన సీఆర్‌పీఎస్ లక్షణాలు, వారం వారం తగ్గాల్సింది పోయి పెరుగుతున్న నొప్పి, వరసగా మూడు వారాలు కదలని కపాంజీ మార్కు. 6 నెలలు దాటినా రోజు గడవడం కష్టంగా ఉంటే ఎక్స్‌రే తీసి, బొటనవేలి ఎముక కిందికి జారి పక్క ఎముకకి రాసుకుంటోందా, పక్క కీలు అరిగిందా చూస్తారు. నరం అనుమానం ఉంటే నరాల పరీక్ష. స్నాయువు తొడుగు వాపైతే ఇంజెక్షన్ ఒక దారి. మళ్లీ ఆపరేషన్ అన్నది కారణం స్పష్టంగా దొరికాక మాట్లాడుకోవాల్సిన విషయం.

అపాయింట్‌మెంట్‌లో మనకి దొరికేది కొన్ని నిమిషాలే. అందులో "ఎలా ఉంది?" అని అడిగితే మొహమాటానికి "పర్లేదండీ" అనేస్తాం. నేనూ రెండుసార్లు అలాగే అని వచ్చేశాను. మూడోసారి ఇంటి దగ్గరే ఫోన్‌లో ఇరవై సెకన్ల వీడియో తీసుకెళ్లాను, గుండీ పెట్టుకోలేక తడబడుతున్నది. నా మధ్య కీలు వెనక్కి కుంగడం డాక్టర్‌కి అందులోనే కనబడింది.